నాలుగు చుక్కలు, ఒక వంపు

"9 చుక్కలు, 5 వచ్చేదాకా సందు చుక్క." ధనుర్మాసం వచ్చిందంటే తమిళనాడులోని కావేరిపాక్కంలో తెలుగు ఇళ్లలో పిట్టగోడ అవతలి నుంచి ఇవతలికి వినిపించే మాట ఇది. చెప్పే ఆవిడ గీసి చూపించదు, వినే ఆవిడ అడగదు. నడుమ వరసలో 9, దానికి పైనా కిందా 8, ఆ తర్వాత 7, 6, 5. మొత్తం 61 చుక్కలు ముంగిట్లో కుదురుకుంటాయి. మెలిక ఎటు తిరగాలో ఇక చుక్కలే చెబుతాయి. గుడియాత్తంలో కాపురం ఉంటున్న చెల్లెలికి ఫోనులో చెప్పినా అదే ముగ్గు పడుతుంది. ఒక బొమ్మ రెండు అంకెలై ఒకరి నోటి నుంచి ఇంకొకరి చేతికి చేరుతుంది.

ఇలాంటి మాట ఒకటి దొరకకే 1950ల్లో పారిస్ కార్ల కంపెనీలు నానా తిప్పలూ పడ్డాయి. అప్పట్లో కారు బాడీ తయారయ్యే తీరు ఇది. డిజైనర్ చిన్న కొలతలో బొమ్మ గీస్తాడు. దాన్ని డ్రాఫ్ట్స్‌మన్‌లు అసలు కారంత కాగితం మీద, వంగే పట్టీలను వంచి పట్టుకుని, పెద్దది చేస్తారు. ఆ గీతల ప్రకారం టెంప్లేట్లు కత్తిరిస్తారు. టెంప్లేట్లు ఆనించి చూసుకుంటూ మట్టితోనో ప్లాస్టర్‌తోనో నమూనా చెక్కుతారు. దాన్నుంచి మాస్టర్ మోడల్, మాస్టర్ మోడల్‌ని బట్టి ప్రెస్సు అచ్చులు. చేయి మారినప్పుడల్లా వంపు రవ్వంత మారుతుంది. చివర్లో రెండు రేకుల అంచులు కలవకపోతే తప్పెక్కడ జరిగిందో తేల్చే దారి లేదు. కాగితం సరైనదా, టెంప్లేటు సరైనదా, మాస్టర్ మోడల్ సరైనదా? ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకు సరైనదే.

అప్పటికే అంకెలతో నడిచే యంత్రాలు వచ్చేశాయి. 1952లో అమెరికాలోని ఎంఐటీ అలాంటి మిల్లింగ్ యంత్రాన్ని చూపించింది. అంకెలు ఇస్తే లోహాన్ని వాటి ప్రకారం కోసిపెడుతుంది. సరళరేఖ కావాలంటే రెండు కొసలు చెబితే సరి. వృత్తం కావాలంటే కేంద్రం, వ్యాసార్థం. కానీ కారు బానెట్టు వంపు రేఖా కాదు, వృత్తమూ కాదు. దాని మీద వందల బిందువులు కొలిచి ఇవ్వొచ్చు. అయితే అందులో ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా రంగు వేసిన రేకు మీద వెలుగు అక్కడ విరిగి కనిపిస్తుంది. పైగా డిజైనర్ వచ్చి "ఇక్కడ ఇంకాస్త నిండుగా ఉండాలి" అన్నాడంటే ఆ వందల కొలతలూ మళ్లీ మొదటి నుంచి తీయాలి.

1958లో సిత్రోయెన్ కంపెనీ పాల్ ద కాస్తెల్జో అనే కుర్ర గణితవేత్తను పనిలోకి తీసుకుంది. 1930లో బెజాన్‌సోఁ ఊళ్లో పుట్టినవాడు. కార్ల మనిషి కాదు. బహుశా అందుకే, అందరూ వంపు మీద చుక్కలు వెతుకుతుంటే ఆయన వంపుకు బయట చుక్కలు పెట్టాడు. వాటిని ధ్రువాలు అన్నాడు. ఈనాడు కంట్రోల్ పాయింట్లు అంటున్నవి అవే. రెండు కొసల చుక్కల దగ్గర తప్ప వంపు వాటి మీదుగా పోదు, వాటి లాగుడుకు లోబడి పోతుంది. 1959లో ఈ పద్ధతిని కంపెనీ లోపలి నివేదికగా రాశాడు. 1963లో ఇంకొకటి రాశాడు.

ఆ పద్ధతిని గళ్ల కాగితం మీద ఎవరైనా చేసి చూడొచ్చు, కంప్యూటర్ అక్కర్లేదు. మొదటి చుక్క ఎడమ మూలన పెట్టండి. అడ్డం 0, ఎత్తు 0. రెండోది దానికి సరిగ్గా నెత్తిన, ఎత్తు 8 దగ్గర. మూడోది అదే ఎత్తులో, అడ్డం 8 దగ్గర. నాలుగోది దాని కింద, మళ్లీ ఎత్తు 0కి. వీటిని వరసగా గీతలతో కలిపితే తలకిందులైన పెట్టెలా మూడు గీతలు వస్తాయి. మూడింటికీ నడిమి బిందువులు గుర్తించండి. అవి అడ్డం 0 ఎత్తు 4, అడ్డం 4 ఎత్తు 8, అడ్డం 8 ఎత్తు 4. ఈ మూడింటినీ కలిపితే రెండు గీతలు. వాటి నడిమి బిందువులు అడ్డం 2 ఎత్తు 6, అడ్డం 6 ఎత్తు 6. ఈ రెండింటినీ కలిపితే మిగిలేది ఒకటే గీత. దాని నడుమ అడ్డం 4, ఎత్తు 6. వంపు మీద సరిగ్గా సగంలో ఉన్న బిందువు అదే. పావు వంతు దగ్గరి బిందువు కావాలా? ప్రతి గీతనూ సగంలో కాకుండా పావులో కోస్తూ పొండి. అలా కోత చోటు మార్చుకుంటూ పోతే మొదటి చుక్క నుంచి నాలుగో చుక్కదాకా గోపురంలా నున్నటి వంపు లేస్తుంది.

ఇందులో వాడిన లెక్క రెండు అంకెలకు నడిమి అంకె కట్టడమే. అయినా ఆ గీతలు ఇంకా చాలా చెబుతాయి. వంపు మొదటి చుక్క దగ్గర బయల్దేరేటప్పుడు రెండో చుక్క వైపే చూస్తుంది, చివరికి చేరేటప్పుడు మూడో చుక్క వైపు నుంచి వస్తుంది. నాలుగు చుక్కల చుట్టూ కంచె కడితే వంపు ఆ కంచె దాటదు. రెండో చుక్కను పైకి లాగితే ఎడమ భుజం ఉబ్బుతుంది. "ఇంకాస్త నిండుగా" అన్న డిజైనర్ మాటకు ఇప్పుడు ఒక చుక్క జరిపితే చాలు.

ఆ కాగితాన్నే ఇంకోసారి చూడండి. ఎడమ అంచున 0,0, 0,4, 2,6, 4,6 అని నాలుగు బిందువులు మిగిలాయి. వంపులో ఎడమ సగాన్ని గీయడానికి కావలసిన కంట్రోల్ పాయింట్లు సరిగ్గా అవే. కుడి సగానికి కావలసినవి కుడి అంచున ఉన్నాయి. అంటే ఒక బిందువు కనుక్కునే పనిలోనే వంపు రెండు ముక్కలై, ఒక్కో ముక్కకూ దాని నాలుగు చుక్కలు అమరిపోయాయి. ఆ ముక్కను మళ్లీ సగం చేయండి, మళ్లీ చేయండి. కొంతసేపటికి ఒక్కో ముక్క కంటికి తిన్నని గీతలా అయిపోతుంది, ఆ గీత గీసేస్తే పని అయిపోయింది. తెర మీద వంపు గీయడానికి ప్రోగ్రామర్లు ఈనాటికీ వాడుతున్న దారుల్లో ఇదొకటి. కాస్తెల్జో దీన్ని రాసేనాటికి తెర మీద వంపు గీయడం ఇంకా మామూలు పని కాదు.

ముగ్గుతో పోలిక ఇక్కడికే. ముగ్గులో మెలిక చుక్కను చుట్టుకుని పోతుంది. ఇక్కడ చుక్క దూరాన ఉండి వంపును లాగుతుంది.

సిత్రోయెన్ ఈ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. నివేదికలు బీరువాలో ఉండిపోయాయి. ఆ లోపు అదే ఊళ్లో రెనో కంపెనీలో ఇంకో మనిషి అదే చిక్కుముడి పట్టుకున్నాడు. పియేర్ బెజియే 1910లో పుట్టాడు, 1933లో రెనోలో చేరాడు. యంత్ర పరికరాల ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రెనో 4సీవీ కారు విడిభాగాలు చేసే యంత్రాల వరసలను తీర్చిదిద్దినవాడు. కారు వంపుల మీద పని మొదలుపెట్టేటప్పటికి 50 ఏళ్లు. ఆయన గణితవేత్త కాదు గనక ఆలోచన కూడా చేతితో పట్టుకోగలిగే వస్తువుల్లోంచే వచ్చింది. ఒక ఘనాకారపు పెట్టెలో రెండు స్తూపాలు ఒకదాన్నొకటి కోసుకునే చోట ఒక వంపు ఏర్పడుతుంది. ఇప్పుడు పెట్టెను పక్కకు నొక్కండి, సాగదీయండి. లోపలి వంపు దానితో పాటు వంగుతుంది. చేయి పెట్టేది పెట్టె మీద, మారేది లోపలి గీత. తర్వాత స్తూపాల స్థానంలో బహుపదులు వచ్చాయి, పెట్టె స్థానంలో చుక్కల వరస వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

బెజియేకు దక్కిన మేలు ఏమిటంటే, రెనో ఆయన్ని రాయనిచ్చింది. 1960ల నడుమ నుంచి వ్యాసాలు వచ్చాయి. యూనిసర్ఫ్ అని ఆయన పెట్టిన పద్ధతి 1968 నాటికి వాడుకలోకి వచ్చింది. చుక్కలు మారిస్తే యంత్రం నురగ దిమ్మను కోసి చూపించేది. డిజైనర్‌కూ అచ్చు చేసేవాడికీ నడుమ ఇక ఒకటే సత్యం, ఆ అంకెలు. చెన్నై–బెంగళూరు రోడ్డు మీద కావేరిపాక్కం దాటి పోయే పెద్ద లారీల్లో ఒరగడం ఫ్యాక్టరీ రెనో కార్లు కూడా వెళ్తుంటాయి. 2010లో మొదలైన ఆ ఫ్యాక్టరీని పెట్టినవాళ్లలో ఆయన పనిచేసిన కంపెనీ ఒకటి.

1972లో కేంబ్రిడ్జ్ వైపు నుంచి రాబిన్ ఫారెస్ట్ ఒక సంగతి బయటపెట్టాడు. బెజియే వంపుల వెనకున్న బహుపదులు కొత్తవి కావు. 1912లో ఖార్కివ్‌లో సెర్గేయ్ బెర్న్‌స్టైన్ ఒక సిద్ధాంతం నిరూపించడానికి కట్టినవే. లెక్కలకు మరీ నిదానమని వాటిని అరవై ఏళ్లు ఎవరూ పెద్దగా పనిలోకి తీసుకోలేదు. ఎక్కడా ఎగుడుదిగుళ్లు తేకుండా నిదానంగా చేరడమే కారు రేకుకు కావలసిన గుణమైంది.

మన గళ్ల కాగితానికి తిరిగొస్తే, నడిమి బిందువు మీద నాలుగు చుక్కల పాలు ఎంతెంత? 8 పాళ్లలో మొదటిదానికి 1, రెండోదానికి 3, మూడోదానికి 3, నాలుగోదానికి 1. ఎత్తు కట్టి చూడండి: 8లో మూడు ఎనిమిదో వంతులు 3, ఇంకో మూడు ఎనిమిదో వంతులు 3, మొత్తం 6. సరిపోయింది. ఈ 1, 3, 3, 1 ఛందస్సు చదివినవాళ్లకు కొత్త కాదు. మూడక్షరాల గణాలు ఎనిమిది. మూడూ గురువులైనది మ గణం ఒక్కటే. రెండు గురువులున్నవి య, ర, త. ఒక్క గురువున్నవి భ, జ, స. గురువే లేనిది న. ఒకటి, మూడు, మూడు, ఒకటి. పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు మేరు ప్రస్తారంగా పేర్చి చూపిన అంకెలివి. కారు వంపుకూ పద్యపాదానికీ చుట్టరికం కలుపుతున్నానని అనుకోవద్దు. రెండు దారులు పదేపదే చీలే చోటల్లా ఈ అంకెలు పుడతాయి. గీతను సగానికి కోయడమూ, గురువో లఘువో ఎంచుకోవడమూ అలాంటి చీలికలే.

1974 ఈ కథలో మంచి ఏడాది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో బార్న్‌హిల్, రీసెన్‌ఫెల్డ్ కలిసి పెట్టిన సదస్సుతో ఈ విద్య ఒక శాఖగా నిలబడింది. నాలుగు చుక్కల వంపులు అనేకం అతికేటప్పుడు అతుకు కనపడకుండా చేసే బీ-స్ప్లైన్లు అక్కడ చర్చకొచ్చాయి. వాటి గణితాన్ని 1946లోనే షోన్‌బర్గ్ వేసి ఉంచాడు. మరుసటి ఏడు యూటాలోనే మార్టిన్ న్యూయెల్ తన ఇంటి టీ పాత్రను బెజియే ముక్కలతో కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. గ్రాఫిక్స్ పుస్తకం ఏది తెరిచినా కనిపించే టీ పాత్ర అదే.

అదే 1974లో, కావేరిపాక్కానికి తూర్పున నూరు కిలోమీటర్ల లోపే, తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమల కృతివాసన్‌లతో కలిసి ముగ్గుల మీద ఒక వ్యాసం వేశారు. అచ్చయిన పత్రిక కంప్యూటర్ గ్రాఫిక్స్‌ది. వాళ్లు అడిగిన ప్రశ్న పారిస్ ప్రశ్నకు దగ్గరిదే. ఇంత మెలికల బొమ్మను కొన్ని నియమాలుగా ఎలా చెప్పాలి? భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ వ్యాకరణం రాసి చూపించారు. చిన్న ముగ్గు నుంచి పెద్ద ముగ్గు ఏ సూత్రంతో పెరుగుతుందో ఆ వ్యాకరణం చెబుతుంది. చుక్కల చుట్టూ ఒకే తీగగా పోయే కంబి కోలం మీద 1980ల్లోనూ వాళ్ల పని సాగింది. అక్కడ ముగ్గంటే నడకల వరస: ముందుకు, కుడికి మలుపు, చుక్కను చుట్టు. వాళ్ల వంపులు బెజియే వంపులు కావు, ఆ రెండు పాయలూ అప్పట్లో కలవలేదు. కానీ ముంగిట్లో ఆడవాళ్ల చేతి విద్యను గణితంగా గౌరవించి, ప్రపంచం చదివే పత్రికలో పెట్టిన పని మన పొరుగునే జరిగింది. అది పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

కాస్తెల్జో సంగతి లోకానికి తెలిసింది కూడా ఆ రోజుల్లోనే. 1975లో జర్మనీ గణితవేత్త వోల్ఫ్‌గాంగ్ బోమ్ చేతికి సిత్రోయెన్ నివేదికలు దొరికాయి. అప్పటికే వంపులకు బెజియే పేరు స్థిరపడిపోయింది. సగాలుగా కోసే పద్ధతికి మాత్రం కాస్తెల్జో పేరు పెట్టారు. ఇద్దరిలో ఎవరూ రెండోవారి దగ్గర కాజేసింది లేదు. కంపెనీ మూసిన తలుపు ఒక మనిషి పేరును పదిహేనేళ్లు చీకట్లో ఉంచింది. 2012లో సాలిడ్ మోడలింగ్ అసోసియేషన్ కాస్తెల్జోకు ఇచ్చిన పురస్కారం పేరు పియేర్ బెజియే అవార్డు. 2022లో ఆయన పోయారు.

ఇక అక్షరాల దగ్గరికి వద్దాం. తెలుగువాళ్లకు ఈ కథ నిజంగా తగిలేది ఇక్కడే. కార్ల కోసం పుట్టిన వంపు అచ్చులోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి డొనాల్డ్ క్నూత్ మెటాఫాంట్. తన పుస్తకాల అచ్చు నచ్చక 1970ల చివర్లో మొదలుపెట్టి, 1984లో తిరగరాసిన ప్రోగ్రాము అది. ఇందులో కలం ఏయే బిందువుల మీదుగా పోవాలో చెబుతాం. వంపును లాగే బయటి చుక్కల్ని జాన్ హాబీ సూత్రంతో అదే లెక్క కట్టుకుంటుంది. రెండోది అడోబ్ సంస్థ 1984లో తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్. నాలుగు చుక్కల వంపు అందులో నేరుగా ఒక ఆజ్ఞ. 1991లో యాపిల్ తెచ్చిన ట్రూటైప్ మూడు చుక్కలతో సరిపెట్టుకుంది. లెక్క తేలిక, కానీ అదే గుండ్రానికి ఎక్కువ ముక్కలు కావాలి.

తెలుగు మొదటి దారినే పట్టుకుంది. 1991లో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ మెటాఫాంట్‌తో తెలుగు అక్షరాలు గీసి, క్నూత్‌దే అయిన టెక్ అనే అచ్చు ప్రోగ్రాముతో అచ్చు వేసుకునే వీలు కల్పించారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ ఇంగ్లీషు కీబోర్డు మీద కొట్టిన తెలుగును ఆ అక్షరాల్లోకి మార్చే పనిముట్టు తయారుచేశారు. ఊరుగాని ఊళ్లో, జీతం ఇచ్చేవారు లేకుండా, రాత్రుళ్లు కూర్చుని చేసే పని అది. తర్వాత దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది.

ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో ఇ, హెచ్, ఎల్ వంటివి తిన్నని గీతలతోనే అయిపోతాయి. తెలుగులో అలా అయిపోయే అక్షరం ఒకటి చూపండి. ఘ, ఝ, ఱ, ణ అన్నీ మలుపులే. ఒక్కో గుండ్రానికి పైన, కింద, ఎడమ, కుడి అంచుల్లో వంపు మీద చుక్కలు పడాలి. వాటి నడుమ లాగే చుక్కలు పడాలి. అక్షరం లోపలి అంచుకు వేరేగా మళ్లీ అన్నీ పడాలి. వత్తులకూ గుణింతాలకూ ఇదంతా ఇంకోసారి.

సున్ననే తీసుకోండి. అన్నిటికన్నా తేలికైన అక్షరం అనుకుంటాం. కానీ బెజియే వంపుతో నిజమైన వృత్తం గీయడం కుదరదు. బహుపదులు వృత్తాన్ని సరిగ్గా పట్టుకోలేవు. అందుకని వృత్తాన్ని నాలుగు పావులు చేసి, ఒక్కో పావుకూ నాలుగు చుక్కలు పెడతారు. లాగే చుక్క పావు కొసన ఉన్న చుక్క నుంచి ఎంత దూరం ఉండాలి? వ్యాసార్థంలో 0.5523 వంతు. వ్యాసార్థం 100 అయితే 55.23 దగ్గర. అలా పెడితే వచ్చే గుండ్రం నిజమైన వృత్తానికి వేయి పాళ్లలో పాలు కూడా తేడా లేకుండా వస్తుంది, తేడా దాదాపు 0.027 శాతం. అక్షరమంత సైజులో ఏ కన్నూ దాన్ని పట్టలేదు. ఆ దూరాన్ని 0.50 చేస్తే సున్న భుజాలు కుంగి పలచబడుతుంది, 0.62 చేస్తే పలక వైపు మళ్లుతుంది. మంచి ఫాంట్‌లో సున్న అందం ఈ అంకె చుట్టూ డిజైనర్ వేలు చేసే చిన్న సవరణల్లో ఉంటుంది. చాలామంది అచ్చమైన వృత్తం వద్దనుకుని కాస్త అడ్డంగా సాగదీస్తారు.

2013లో సిలికానాంధ్ర ద్వారా గుత్తుల పురుషోత్ కుమార్, దర్భా అప్పాజీ అంబరీష గీసిన తెలుగు ఫాంట్లు అందరికీ ఉచితంగా వచ్చాయి. పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి, గిడుగు అని కవుల, పెద్దల పేర్లు పెట్టారు. అందులో మండలి ఫాంట్ పేరు 1975 ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావుది. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి ఫైలు దింపుకుని, ఉచితంగా దొరికే ఫాంట్‌ఫోర్జ్‌లో తెరవండి. ఆ ఫైలు ట్రూటైప్ రకం గనక మూడు చుక్కల వంపులు కనిపిస్తాయి. క అక్షరం మీద రెండు సార్లు నొక్కితే దాని చుక్కలన్నీ బయటపడతాయి. తలకట్టు కొస మీకు కాస్త మొండిగా అనిపిస్తే వంపుకు బయట ఉన్న చుక్కను మౌసుతో పట్టుకుని లాగండి, వంపు వెంట వస్తుంది. లైసెన్సు ఆ మార్పును అనుమతిస్తుంది. మార్చిన ఫాంట్‌ను అదే లైసెన్సు కింద నలుగురికీ పంచుకోనూ ఇస్తుంది.